ఒంటి చెవితో ఒక చలికాలం

చెవుల గురించి సలహాలు చెప్పడానికి నేను డాక్టర్ని కాను. డాక్టర్ని అనుకున్నందుకే ఇదంతా జరిగింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి, చెవి నెమ్మదించింది, దిండు మీద ఏ పక్కకి తిరిగి పడుకోవాలో ఆలోచించకుండా నిద్రపోతున్నాను. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. మళ్ళీ నవంబరు వస్తుంది. నాలాంటి మొండివాడెవరో ఒకడు చెవులకు గుడ్డ కూడా కట్టుకోకుండా బండెక్కి బయల్దేరతాడు. ఇది చదివి వాడొక్కడు ఆగినా నేను పడ్డదానికి కొంత గిట్టుబాటైనట్టే.

ముందు నా సంగతి. మాది తణుకు. అక్కడ చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఊళ్ళో సగం మంది గుమాస్తాలు నా దగ్గర వేళ్ళు తిప్పడం నేర్చుకున్నవాళ్ళే. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు రావడం తగ్గిపోయింది. చివరికి మిషన్లకు దుమ్ము దులపడం తప్ప నాకు పని లేకుండా పోయింది. అప్పుడు మా బావమరిది హైదరాబాదు నుంచి ఒక కబురు మోసుకొచ్చాడు. హైటెక్ సిటీ వైపు కొత్త రకం కంపెనీలు పెడుతున్నారట. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, రోగం గురించి నోటితో చెప్పి రికార్డు చేస్తారట. ఆ మాటలు ఇక్కడికి వస్తాయి. మనం విని, టైపు చేసి, పంపాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. "వేళ్ళున్నాయి కదా బావగారూ, ఇంకేం కావాలి?" అన్నాడు. చెవులు కూడా కావాలన్న సంగతి వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

శిక్షణ అయింది, ఉద్యోగం వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ మూసేసి, మిషన్లు అమ్మేసి, భార్యనీ కూతుర్నీ తీసుకొచ్చి లింగంపల్లిలో ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నాను. ఆఫీసులో అందరూ నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. నన్ను మాస్టారు అని పిలిచేవారు. జనవరి ఆఖరు దాకా నన్ను పరీక్షగా చూస్తారు. రిపోర్టుల్లో తప్పులు తక్కువుంటే ఖాయం చేస్తారు. ఎక్కువుంటే మర్యాదగా పంపించేస్తారు. పంపిస్తే ఎక్కడికి వెళ్ళాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు. తణుకులో మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న గదిలో అప్పటికే ఎవరో చెప్పుల కొట్టు పెట్టారు.

1998 చలికాలం అది. దీపావళి వెళ్ళాక చలి మొదలైంది. తణుకు వాడికి చలి అంటే తెల్లారుజామున ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం. లింగంపల్లి నుంచి మాదాపూర్‌లో మా ఆఫీసు దాకా, యూనివర్సిటీ గోడ పక్కనుంచి, ఆ రాళ్ళ గుట్టల మధ్య తెల్లవారకముందే మోపెడ్ మీద వెళ్తే తెలిసింది అసలు చలి ఏమిటో. గాలి నేరుగా చెవిలోకి దూరి దవడ దాకా లాగేసేది. మా ఆవిడ సరోజ మంకీ క్యాప్ కొని చేతిలో పెట్టింది. నేను పెట్టుకోలేదు. ఆఫీసు గుమ్మంలో అద్దాల తలుపు ఉంటుంది, లోపల జీన్స్ ప్యాంట్ల పిల్లలుంటారు, అక్కడ మంకీ క్యాప్ పెట్టుకుని దిగితే నన్ను నైట్ వాచ్‌మన్ అనుకుంటారని నా బాధ. నలభై దాటిన వాడికి సోకు ఎందుకో నన్నడక్కండి.

బయట చలి సరే, లోపల మరీ దారుణం. కంప్యూటర్లు వేడెక్కకూడదని ఏసీ గట్టిగా పెట్టేవారు. మిషన్లకు చలువ, మనుషులకు స్వెట్టర్లు. నెత్తి మీదనే గాలి వచ్చే సీటు నాకు దొరికింది. వారం తిరక్కుండా జలుబు పట్టుకుంది. పని మధ్యలో ముక్కు కారితే ఎలా? బాత్రూంలోకి వెళ్ళి, రెండు ముక్కులూ కలిపి నొక్కి పట్టుకుని, బలమంతా పెట్టి చీదేవాణ్ణి. ఒక్కోసారి చెవిలో ఠప్పుమనేది. అదేదో మంచి శబ్దమే అనుకునేవాణ్ణి, మూసుకున్నది తెరుచుకుంటోంది అని.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కుడి చెవి పోటు మొదలైంది. దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. లోపల ఎవరో కూర్చుని సుత్తితో మేకు దిగ్గొడుతున్నట్టుంది. నేను మంచం మీద అటూ ఇటూ పొర్లుతుంటే మా అమ్మాయి చిన్ని భయపడి గుమ్మంలోనే నిలబడిపోయింది. సరోజకు చెవిపోటంటే ఒక్కటే మందు తెలుసు. వాళ్ళ అమ్మ పోసింది, అమ్మమ్మ పోసింది. నువ్వుల నూనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి, గోరువెచ్చగా అయ్యాక దూదితో చెవిలో పిండింది. ఒళ్ళో తల పెట్టుకుని, "కాస్త ఓర్చుకోండి, దిగిపోతుంది" అంటూ చెవి వెనక నిమిరింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అంత హాయి ఇంకోటి లేదనిపించింది.

తెల్లవారేసరికి పోటు మాయం. దిండు మాత్రం తడిగా ఉంది. నూనె కారిందనుకున్నాం. సరోజ మొహం వెలిగిపోయింది. "చూశారా! మీ అమెరికా డాక్టర్లు కూడా చెప్పలేరు" అంది. ఆ సంతోషంలో నాకు తలంటి పోసింది, సాయంత్రం మళ్ళీ రెండు చుక్కల నూనె కూడా వేసింది. ఇక్కడ చదివేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. విపరీతంగా పోటు పెట్టిన చెవిలో నొప్పి ఉన్నట్టుండి తగ్గి, చెమ్మ కనిపించిందంటే సంబరపడకూడదు. లోపల పొర చిరిగి, చీము బయటికి వచ్చినందుకు తగ్గిన నొప్పి అది. అది మాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి కుడి చెవి చెరువులో మునిగి ఉన్నట్టయింది. నా గొంతు నాకే బిందెలో మాట్లాడినట్టు వినిపించేది. చెవి వాసన వేసేది, దూది పెడితే పచ్చగా తడిసేది. సరోజ రోజూ పోరింది, డాక్టరు దగ్గరికి వెళ్దామని. నాకు ఆఫీసులో సెలవు అడగడమంటే భయం. పరీక్ష గడువులో ఉన్నవాడు చెవి బాగాలేదంటే ఇంకేమైనా ఉందా? చెవే కదా అక్కడ నా పనిముట్టు. ఆ భయాన్ని భయం అని ఒప్పుకోలేక తెలివిగా మార్చుకున్నాను. రోజంతా డాక్టర్ల మాటలే కదా నేను వినేది. చెవి రోగాల రిపోర్టులు ఎన్ని కొట్టుంటాను! చెవి కారితే ఏ చుక్కలు రాస్తారో నాకు కంఠతా వచ్చు.

ఒక సాయంత్రం లింగంపల్లి స్టేషను ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళి, ఆ చుక్కల మందు పేరు పూర్తిగా, అమెరికా డాక్టరు పలికినట్టే పలికాను. కౌంటరు వెనకున్న పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని నా వంక చూశాడు.

"మీరు డాక్టర్ సాబా?"

నేను కాదనలేదు. చిన్నగా నవ్వి ఊరుకున్నాను. ఆయన గౌరవంగా మందు కట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి సీసా చూపిస్తే సరోజ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇది ఎవరు రాశారండీ?"

"ఎవరో రాయడమేంటి? రోజూ డాక్టర్ల మాటలు వినేది నేను."

"రోజూ రోడ్డు మీద బస్సుల్ని చూస్తున్నారని రేపు స్టీరింగు కూడా పట్టుకుంటారా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. నువ్వు పోసిన నూనె కంటే నయమే అనేశాను. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మంచం మీద పక్కకి తిరిగి నా మందు నేనే వేసుకున్నాను. మొదట భగ్గుమంది. తర్వాత గది తిరిగింది. గోడ మీద క్యాలెండరు, పైన ఫ్యాను, కిటికీ, అన్నీ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. లేవబోయి నేల మీద పడ్డాను. చిన్ని కేకలు పెట్టింది. సరోజ వచ్చి నన్ను పట్టుకుని, వాంతులు తగ్గేదాకా గోడకు ఆనించి కూర్చోబెట్టింది. అంతకుముందు నేనన్న మాట ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తి ఉండాల్సింది.

సీసా పారేశాను కానీ చెవి అలాగే ఉంది. ఆఫీసులో ఎడమ చెవితో నెట్టుకొచ్చేవాణ్ణి. మా హెడ్‌సెట్లు డాక్టర్ల స్టెతస్కోపుల్లా ఉంటాయి, గడ్డం కింద నుంచి రెండు గొట్టాలు, చివర రబ్బరు బుడిపెలు. రాత్రి షిఫ్టు వాళ్ళు తీసి పెట్టినవే పొద్దున మేం పెట్టుకునేవాళ్ళం. కాలి కింద పెడల్ ఉంటుంది. మధ్యలో తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే ఆగుతాడు, ఎడమ పక్కన తొక్కితే వెనక్కి వెళ్ళి చెప్పిందే చెప్తాడు. మంచి చెవికి మధ్య భాగం చాలు. నా కాలు రోజంతా ఎడమ పక్కకే పోతుండేది. ఒక రిపోర్టుకి పట్టే సమయం రెట్టింపయింది. మా టీమ్ లీడర్ కిరణ్, బంగారం లాంటి కుర్రాడు, ఒకసారి వెనక నిలబడి, "ఏంటి మాస్టారూ, ఈ వారం స్లో అయ్యారు?" అన్నాడు నవ్వుతూనే. ఆ నవ్వుకే నాకు చెమట పట్టింది, అంత ఏసీలో.

మా వరుసలో చివరి సీటు స్వరూపది. ఇది ఆమె అసలు పేరు కాదు. ఈ సంగతి రాయమని ఆమే అంది, పేరు మాత్రం మార్చమంది. గోపన్‌పల్లి అమ్మాయి, వాళ్ళ నాన్న కూరగాయలు పండిస్తాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. కుడి పక్క గోడ, ఎడమ పక్క నేను, అదీ ఆమె స్థానం. ఆఫీసు మొత్తం మీద తప్పులు అతి తక్కువగా చేసేది ఆమే. పెద్దగా మాట్లాడేది కాదు. కొందరు ఆమెకు పొగరనేవారు, పిలిస్తే పలకదని.

డిసెంబరు చివర్లో ఒక రోజు టీ తాగడానికి బయట మెట్ల మీద నిలబడ్డాను. ఎదురుగా కొత్త భవనం కోసం రాళ్ళు పగలగొడుతున్నారు. స్వరూప గ్లాసు పట్టుకుని నా పక్కకొచ్చింది.

"సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోరు కద?"

"అడుగమ్మా."

"ఏ చెవి సార్?"

"ఏ చెవేంటమ్మా?"

"మీ కాలు మారింది సార్. మొదట్ల తొక్కితే తొక్కినట్టే పోయేటోళ్ళు. ఇప్పుడు తొక్కుడు, ఎన్కకు, మల్ల తొక్కుడు, మల్ల ఎన్కకు. బల్ల కాళ్ళు అదురుతయి, నాకు తెలుస్తది. ఒంటి చెవుతోటి ఇనెటోళ్ళే గట్ల తొక్కుతరు."

"నీకెలా తెలుసు?"

ఆమె ఒకసారి వెనక్కి చూసుకుంది. గొంతు తగ్గించింది.

"కొత్తల నేను గట్లనే తొక్కేదాన్ని. నాకు కుడి చెవు ఇనరాదు సార్. చిన్నప్పటి సంది."

ఆ గోడ పక్క సీటు ఆమె ఎందుకు అడిగి తీసుకుందో, పిలిస్తే ఎందుకు పలకదో, పొగరు అన్నవాళ్ళందరి మొహాలూ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"చిన్నప్పుడు చెవు కారేది. ఇంట్ల నూనె పోసిన్రు, ఆకు పసరు పోసిన్రు. దవాఖానకు తీస్కపోయేసరికి మస్తు లేటైంది. మీది మొన్నమొన్నటిది సార్. మీకింకా టైమున్నది. గందుకే చెప్తున్న. ఈ మాట ఎవ్వరికీ చెప్పలే నేను. ఉద్యోగంల చేరేటప్పుడు అడిగిన్రు, మంచిగ ఇనపడ్తదని చెప్పిన."

ఆ మాట నేను కిరణ్‌కి చేరవేస్తే ఆమె ఉద్యోగం పోతుంది. నేను అలా చేయనని ఆమెకు నమ్మకమేమిటి? పక్క పక్కన కూర్చోవడం తప్ప మా మధ్య ఏం ఉంది? తన బతుకుతెరువు తీసి నా చేతిలో పెట్టింది, నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలని. నాకు ఇంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయలేదు.

ఆమె చెప్పిన డాక్టరు బోరబండలో సాయంత్రాలు కూర్చుంటాడు. చిన్నప్పుడు సర్కారు దవాఖానలో ఆమెను చూసింది ఆయనేనట. మర్నాడే సరోజా నేనూ వెళ్ళాం. చెవి డాక్టరు దగ్గర ఎదురుచూడటం ఎలా ఉంటుందో చెప్పాలి. ఇరుకు గది, బల్లల నిండా జనం, సగం మంది చెవుల్లో దూది, సగం మంది తలకు మఫ్లర్లు. కాంపౌండరు బయటికొచ్చి పేరు పిలుస్తాడు. ఎవరూ లేవరు. ఎవర్ని పిలిచాడో వాళ్ళకే వినపడదు కదా! అప్పుడు వినబడ్డవాళ్ళు వినబడనివాళ్ళ భుజాలు తట్టి, "నువ్వేనా, నువ్వేనా" అని అడుగుతూ పోతారు. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. నా పేరు అడిగి తెలుసుకుని, "నువ్వు పండుకో బిడ్డా, పిలిస్తే నేను లేపుత" అంది. ఆమెకు తన పేరు వినడానికి మనవరాలు ఉంది, నా పేరు మాత్రం ఆమే వింది. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది, కొంచెం ధైర్యం కూడా.

డాక్టరు పెద్దవాడు, జుట్టంతా తెల్లబడింది. చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూశాడు.

"పొరకు బెజ్జం పడ్డది. ఏమేమి పోసిన్రు ఇందుల?"

సరోజ తల దించుకుని నూనె సంగతి చెప్పింది. నేను చుక్కల మందు పేరు చెప్పాను.

"అది ఎవరు రాసిన్రు?"

"నేనే... అంటే, నేను ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తానండి. చెవి రిపోర్టులు చాలా టైపు చేశాను."

ఆయన లైటు ఆర్పి నా మొహం వంక చూశాడు. "మంచిది. మరి ఆ రిపోర్టులల్ల మందు పేరు కన్న ముందు ఒక లైన్ ఉంటది కద సార్. పొర చెక్కుచెదరలేదు, బెజ్జం లేదు అని. ఆ లైన్ ఎవరు కొట్టిన్రు?"

నేనే కొట్టాను. వందల సార్లు కొట్టాను. ఆ లైను లేకుండా ఆ మందు లేదని నా వేళ్ళకు తెలుసు, నాకే తెలియలేదు. పొరకు బెజ్జం ఉంటే ఆ మందు లోపలికి దిగి లోచెవిని కూడా పాడు చేయగలదట. గది తిరిగింది అందుకేనట. ఒక్కసారితో పారేయడం నా అదృష్టం అన్నాడు.

సరోజ ఏడుస్తోంది. "నూనె నేనే పోశానండి" అంది. ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"నూనె పోసిన ఆడోళ్ళను నేను తిట్టనమ్మా. అందరు పోస్తరు. మా అమ్మ నాకు పోసింది. ప్రేమ తోటి పోసిన్రు. ఇగ పోయకున్రి, గంతే. బెజ్జం చిన్నగనే ఉన్నది, దానంతటదే మూసుకోవచ్చు. రెండు మూడు నెలలు చూద్దాం. మూసుకోకపోతే ఆపరేషన్ ఉంటది. జర ఫికర్ తగ్గించుకోన్రి."

వినికిడి పూర్తిగా వస్తుందా అని అడిగాను. రావచ్చు, చెప్పలేం అన్నాడు. చలిగాలికి పొర పగిలిందా అని కూడా అడిగాను. గాలితో పొర పగలదట. ముక్కుకీ చెవికీ లోపల్లోపల ఒక సన్నని దారి ఉంటుందట. జలుబు పట్టినప్పుడు బలంగా చీదితే ఆ దరిద్రమంతా ఆ దారిలో చెవిలోకి ఎక్కుతుంది. అందుకని జలుబును ముదరనివ్వకూడదు, ఆవిరి పట్టాలి, చీదితే ఒక్కో ముక్కే, మెల్లగా చీదాలి. చెవులకు గుడ్డ కట్టుకుంటే పోటు లేకుండా హాయిగా ఉంటుంది, కట్టుకోవడానికి సిగ్గేమిటి అని కూడా అన్నాడు. చెవిలో పుల్ల, పిన్నీసు, అగ్గిపుల్ల, నూనె, నీళ్ళు, ఏవీ వద్దు. ఇంకొకరి చెవిలో పెట్టుకున్నది మన చెవిలో వద్దు. ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. నాకు మాత్రం ఒక చెవి పెట్టుబడిగా పెడితే తప్ప ఎక్కలేదు.

తర్వాత కిరణ్‌కి చెప్పడం. దానికి రెండు రోజులు వెనకాడాను. నా సంగతి మాత్రమే చెప్పాను, కుడి చెవిలో ఏమీ పెట్టుకోకూడదన్నారని. వాడు పెన్ను పక్కన పెట్టాడు. "మాస్టారూ, నాకు కావలసింది రిపోర్టు. మీరు ఏ చెవితో విన్నారని క్లయింటు అడగడు. కానీ తప్పులు పెరిగితే మాత్రం నేనేం చేయలేనండి" అన్నాడు. సూటిగా చెప్పాడు, నాకు నచ్చింది. రెండో రోజున మా ఏసీ గాలి నా నెత్తి మీద పడకుండా అట్టముక్క అంటించి ఉంది. వారం తర్వాత అందరికీ ఎవరి రబ్బరు బుడిపెలు వాళ్ళకే ఇచ్చారు. ఎవరు చేయించారో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

జనవరి అంతా స్వరూప దగ్గర మళ్ళీ శిష్యుణ్ణయ్యాను. కుడి గొట్టం తీసేసి, ఆ రంధ్రం దూదితో మూసి పైన టేపు చుట్టి చూపించింది. అప్పుడు శబ్దమంతా ఎడమ చెవికే వస్తుంది. డాక్టరు మాటల వేగం కొంచెం తగ్గించుకోమంది. "ఇనపడకపోతే ఎన్కకు పోకున్రి సార్. ముందుకు పోన్రి. ఆ మాట ఆయన మల్ల అంటడు" అనేది. ఇన్నేళ్ళు పిల్లలకు టైపు నేర్పాను కానీ వినడం ఒకరు నాకు నేర్పడం అదే మొదలు. కాలు నెమ్మదిగా మధ్యకు వచ్చింది. తప్పులు తగ్గాయి.

ఇంట్లో ప్రతి పొద్దునా సరోజ దూదికి వాసలీను పూసి నా చెవి మూసేది, అప్పుడు గానీ నీళ్ళ గది తలుపు తీసేది కాదు. మంకీ క్యాప్ పెట్టి, దాని మీద మఫ్లర్ కట్టి, ముడి తనే వేసేది. ఆఫీసు గుమ్మంలో ఒక్కరు కూడా నవ్వలేదు. నా బాధంతా దండగ. ఒక రోజు ముడి వేస్తుంటే, "నూనె గురించి ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆమె ముడి బిగించి, "కుడి చెవి వైపు వచ్చి తిట్టుకున్నాలెండి, మీకు వినపడి ఉండదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత నవ్వడం అది. ఆమె లేకపోతే ఆ నెలలు నేను గడపగలిగేవాణ్ణి కాదు.

జనవరి ఆఖర్లో కిరణ్ పిలిచి, ఉద్యోగం ఖాయమైన కాగితం ఇచ్చాడు. ఆ సాయంత్రమే బోరబండ వెళ్తే, బెజ్జం తగ్గింది కానీ పూర్తిగా మూసుకోలేదన్నాడు డాక్టరు. ఇంకో నెల చూద్దాం, లేకపోతే ఆపరేషనే. ఉద్యోగం నిలిచిన సంతోషం నాకు ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. చిన్ని కుడి పక్కన కూర్చుని పాఠం అప్పజెప్తే అక్షరం అందేది కాదు. ఇక జీవితమంతా ఇంతేనేమో అనుకుని, ఆ పిల్లకు కనపడకుండా మొహం తిప్పుకునేవాణ్ణి.

మార్చి మొదట్లో, చలి పూర్తిగా పోయాక, సెలవు పెట్టి, వినికిడి పరీక్ష కోసం డాక్టరు రమ్మన్న సర్కారు దవాఖానకి పొద్దున్నే వెళ్ళాం. డాక్టరు లైటు వేసి చూశాడు. మళ్ళీ చూశాడు. సరోజను పిలిచి, ఆమెకే ముందు చెప్పాడు. "మూసుకున్నదమ్మా." వినికిడి పరీక్ష కూడా చేశారు. రెండు చెవులూ దాదాపు ఒకటే. సరోజ ఆ గదిలోనే ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆమెను ఆటో ఎక్కించి నేను మాదాపూర్ వెళ్ళాను. మా షిఫ్టు అప్పుడే వదిలారు. స్వరూప టిఫిన్ డబ్బా సంచీ పట్టుకుని, బస్సు కోసం రోడ్డు పక్కన ఒంటరిగా నడుస్తోంది. కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. గబగబా నడిచి ఆమెను అందుకున్నాను.

"స్వరూపా, మూసుకుపోయిందమ్మా! రెండు చెవులూ వినపడుతున్నాయి!"

ఆమె తల తిప్పలేదు. అలాగే నడుస్తోంది, సంచీ ఊపుకుంటూ. ఇంకోసారి గట్టిగా చెప్పబోయి ఆగిపోయాను. నేను ఆమెకు కుడి పక్కన ఉన్నాను. లారీల మోత, కంకర జారుతున్న చప్పుడు, నా చెప్పుల శబ్దం, అన్నీ నాకు రెండు వైపులా వినిపిస్తున్నాయి. నాకు టైమున్నదని చెప్పిన మనిషికి, తన టైము ఎప్పుడో అయిపోయింది. నా సంతోషం నోట్లోనే ఆగిపోయింది. చెప్పకుండా వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది.

వెనకగా తిరిగి ఆమె ఎడమ పక్కకు వెళ్ళాను. ఈసారి మెల్లగా చెప్పాను.

ఆమె రోడ్డు మీద నిలబడిపోయింది. "నిజంగనా సార్?" అని, రెండు చేతులతో సంచీ గుండెకు హత్తుకుని, తనకే చెవి తిరిగి వచ్చినట్టు నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను.